అక్బర్ పొలం ఎలా కొలిచాడు? మా నాన్న మక్తా లెక్క నుంచి టోడర్‌మల్ శిస్తు దాకా

ఈరోజు టాపిక్ వినగానే కొంతమంది స్కిప్ కొట్టేస్తారని నాకు తెలుసు. టాపిక్ ఏంటంటే, భూమి శిస్తు. ఐదు వందల ఏళ్ల కింద రాజులు రైతు దగ్గర పన్ను ఎంత తీసుకోవాలో ఎలా లెక్కేశారు, ఎలా వసూలు చేశారు అన్నది. ఒక్క రెండు నిమిషాలు ఆగండి. ముందు మా ఇంట్లో జరిగిన సంగతి చెప్తాను, అది విన్నాక కూడా బోర్ అనిపిస్తే అప్పుడు వెళ్లిపోండి.

మాది గోదావరి డెల్టాలో ఒక ఊరు. మాకు సొంత పొలం లేదు. నాన్న కౌలు రైతు. మూడెకరాలు మక్తాకి చేసేవాడు. మక్తా అంటే తెలియనివాళ్ల కోసం చెప్తున్నా: పంట ఎంత పండినా సరే, ఎకరానికి ఇన్ని బస్తాలు అని ముందే ఒప్పుకుంటాం. మాకు సార్వాకి ఎకరానికి 16 బస్తాలు. ఎకరానికి 35 పండితే 19 మావి. 40 పండితే 24 మావి. బాగానే ఉంది కదా?

నేను బీటెక్ రెండో సంవత్సరంలో ఉన్నప్పుడు, సరిగ్గా కోతల ముందు, నాలుగు రోజులు ఆగకుండా వాన పడింది. చేను పడిపోయింది, కంకి మీదే మొలకలొచ్చేశాయి. ఎకరానికి 12 బస్తాలు వచ్చాయి. ఇవ్వాల్సింది 16. అంటే పండిందంతా ఇచ్చేసినా ఇంకా 4 బస్తాలు బాకీ. పంట నష్టం రాసుకోవడానికి మనిషొచ్చాడు, రాసుకున్నాడు, కానీ కాగితంలో ఉన్న పేరు భూమి గలాయనది. నష్టపరిహారం ఆయన ఖాతాలో పడింది. ఆయన చెడ్డమనిషేం కాదు. నాన్న ఆయన్ని బాబాయి అని పిలుస్తాడు. "ఈ ఏడు 8 ఇవ్వరా, మిగతాది వచ్చే ఏడు చూద్దాం" అన్నాడు. ఆ "వచ్చే ఏడు" కోసం అమ్మ గాజులు తాకట్టులోకి వెళ్లాయి.

ఆ రోజు రాత్రి నాన్న అన్న మాట ఒకటి నాకు ఇప్పటికీ గుర్తుంది. "కోరుకి చేసుంటే ఇంత దెబ్బ తినేవాళ్లం కాదురా" అన్నాడు. కోరు అంటే పండినదాంట్లో వాటా. 12 పండితే 12లోనే వాటా. కానీ కోరుకి ఇవ్వడం భూమి గలవాళ్లకి ఇష్టం ఉండదు. ఎందుకంటే ఎంత పండిందో కళ్లం దగ్గర నిలబడి చూసుకోవాలి కదా.

ఈ మక్తా, కోరు గొడవే ఒక పెద్ద సామ్రాజ్యం మొత్తానికి వస్తే ఎలా ఉంటుంది? మొఘల్ సామ్రాజ్యం కథ సరిగ్గా అదే. రండి, లోపలికి వెళ్దాం.

ముందు సీన్ సెట్ చేసుకుందాం. 1556లో అక్బర్ 13 ఏళ్ల పిల్లాడిగా గద్దె ఎక్కాడు. సైన్యానికి జీతాలివ్వాలంటే డబ్బు కావాలి. డబ్బంతా ఎక్కడుంది? పొలంలో. జనంలో అత్యధికులు వ్యవసాయం మీదే బతికే రోజులు. మరి పంటలో వాటా తీసుకోవడం ఎలా? అప్పటికే మనదేశంలో మూడు నాలుగు పద్ధతులు నడుస్తున్నాయి.

ఒకటి, బటాయి. దీన్నే గల్లా బఖ్షీ అని కూడా అంటారు. పంట కోసి, నూర్చి, రాశి పోశాక కళ్లంలో పంచుకోవడం. అంటే మన కోరు. రైతుకి ఇది సేఫ్. కానీ సర్కారుకి తలనొప్పి. ప్రతి ఊళ్లో, ప్రతి కళ్లం దగ్గర ఒక కాపలా మనిషి ఉండాలి. లేదంటే రాత్రికి రాత్రే రాశి తగ్గిపోతుంది. ఆ కాపలా మనిషికీ తిండి పెట్టాలి, అతను లంచం తినకుండా ఇంకో మనిషిని పెట్టాలి.

రెండు, కన్‌కూత్. చేను నిలబడి ఉండగానే కొలిచి, ఎంత పండుతుందో కంటితో అంచనా కట్టడం. మన పెద్దవాళ్లు గట్టు మీద నుంచి చూసి "పాతిక దిగుతుంది" అంటారు చూడండి, అదే.

మూడు, నసఖ్. పాత లెక్క చూసి, పోయినసారి ఎంత వచ్చిందో దాన్నిబట్టి ఊరు మొత్తానికి ఒక అంకె వేసేయడం.

నాలుగోది జబ్త్. దీన్ని అక్బర్ కంటే ముందు షేర్ షా గట్టిగా పట్టుకున్నాడు. 1540 నుంచి 1545 దాకా ఐదేళ్లే ఏలాడు కానీ, మామూలు బుర్ర కాదు. ఆయన చేసిందేంటంటే, పంటని కాదు, నేలని కొలవండి అన్నాడు. ఒక బిఘా గోధుమ వేస్తే ఇంత, ఒక బిఘా బార్లీ వేస్తే ఇంత అని ఒక పట్టీ తయారు చేయించాడు. ఆ పట్టీని 'రయ్' అనేవాళ్లు.

ఆ పట్టీ ఎలా కట్టారో అబుల్ ఫజల్ తన ఐన్-ఇ-అక్బరీలో అంకెలతో సహా రాశాడు. గోధుమ లెక్క చూడండి. మంచి నేలలో బిఘాకి 18 మణుగులు. మధ్యరకంలో 12. నాసిరకంలో 8 మణుగుల 35 సేర్లు. అప్పటి మణుగుకి 40 సేర్లు, మన లెక్కలో సుమారు 25 కేజీలు అనుకోండి. మూడూ కలిపితే 38 మణుగుల 35 సేర్లు. మూడుతో భాగిస్తే సగటు దాదాపు 13 మణుగులు. అందులో సర్కారు వాటా మూడో వంతు, అంటే 4 మణుగుల 12 సేర్ల ముప్పావు.

ఇక్కడే ఒక పాయింట్ పట్టుకోండి. సగటు 13. కానీ నాసిరకం నేల ఉన్న రైతుకి పండేది 9 కూడా కాదు. అతను కూడా అదే 4 మణుగుల 12 సేర్లు కడితే, అతనికి అది మూడో వంతు కాదు, దాదాపు సగం. మంచి నేల ఉన్న రైతుకేమో నాలుగో వంతు కూడా పడదు. సగటు అనేది సర్కారుకి కరెక్టే. ఒక్కొక్క రైతు దగ్గరికి వచ్చేసరికి అది ఎవరికీ కరెక్ట్ కాదు.

సరే, ధాన్యం లెక్క తేలింది. కానీ సర్కారుకి కావాల్సింది రొక్కం. ఇప్పుడు ఆ 4 మణుగుల 12 సేర్లని ఏ ధరకి డబ్బుగా మార్చాలి? అక్బర్ మొదటి రోజుల్లో దర్బారు చుట్టుపక్కల ఉన్న ధరే దేశమంతా వాడేశారు. ఇది ఎంత పెద్ద తప్పో లెక్కేసి చూపిస్తా. ఐన్-ఇ-అక్బరీలో గోధుమ ధర మణుగుకి 12 దాములు. దాము అంటే రాగి నాణెం, 40 దాములు ఒక రూపాయి. 4 మణుగుల 12 సేర్లని 12తో గుణిస్తే సుమారు 52 దాములు. ఇప్పుడు మీ ఊరు రాజధానికి చాలా దూరం, మీ సంతలో గోధుమ 8 దాములే పలుకుతోంది అనుకుందాం. ఇది నేను ఉదాహరణకి తీసుకున్న ధర. 52 దాములు పోగవ్వాలంటే ఎంత అమ్మాలి? ఆరున్నర మణుగులు. పండింది 13. అంటే కాగితం మీద మూడో వంతు, ఊళ్లోకొచ్చేసరికి సగం. రేటు ఎవరూ పెంచలేదు. ధర ఎక్కడ చూశారన్న ఒక్క విషయం రైతుని మింగేసింది.

తర్వాత ఏ ప్రాంతం ధర ఆ ప్రాంతానిదే అన్నారు. బాగుంది. కానీ ప్రతి పంటకీ ప్రతి ప్రాంతం నుంచీ ధరల పట్టీలు దర్బారుకి రావాలి, అక్కడ ఓకే అవ్వాలి, మళ్లీ వెనక్కి వెళ్లాలి. గుర్రం మీద! ఈలోపు పంట అయిపోతుంది. ధర పంపే అధికారి నిజం రాస్తున్నాడో లేదో తెలీదు. నేను సాఫ్ట్‌వేర్‌లో ఉన్నప్పుడు ఇలాంటి అప్రూవల్ చైన్ ఒకటి చూశాను, ఆఫీసులో ఒక చిన్న రేటు మార్చడానికి మూడు వారాలు. అదైనా ఈమెయిల్‌తో.

ఇప్పుడు 1574, 75 ప్రాంతానికి వద్దాం. అక్బర్ పెద్ద ప్రయోగం మొదలుపెట్టాడు. ఉత్తరాదిన చాలా భూమిని నేరుగా సర్కారు కిందకి తెచ్చి, ఒక కోటి వచ్చే భూమిని ఒక యూనిట్‌గా చేసి ఒక్కో అధికారికి అప్పగించాడు. కోటి కాబట్టి ఆ అధికారి పేరు కరోరీ. పని ఏంటంటే, కొలవండి, సాగు పెంచండి, లెక్క రాయండి.

కొలతకి సంబంధించి నాకు బాగా నచ్చిన విషయం ఒకటుంది. అప్పటిదాకా పొలం కొలిచేది జనపనార తాడుతో. తాడు సంగతి మనకి తెలుసు కదా, తడిస్తే బిగుసుకుపోతుంది, ఎండితే సాగుతుంది. కొలిచేవాడు రాత్రి తాడుని మంచులో వదిలేస్తే చాలు, పొద్దున్నకి పొట్టిదైపోతుంది. పొట్టి తాడుతో కొలిస్తే పొలం పెద్దదిగా వస్తుంది. తాడు నూటికి 5 వంతులు కుదించుకుపోయిందనుకోండి. పొడవులోనూ తేడా, వెడల్పులోనూ తేడా, మొత్తం విస్తీర్ణం దాదాపు 11 శాతం పెరిగినట్టు వస్తుంది. లేని నేలకి రైతు శిస్తు కట్టాలి! దీన్ని ఆపడానికి అక్బర్ సర్కారు తాడు తీసేసి, వెదురు బద్దల్ని ఇనుప రింగులతో కలిపిన కొలత గొలుసు పెట్టింది. వెదురు మంచుకి కుదించుకుపోదు. తర్వాత 1586లో గజం ఎంతుండాలో కూడా ఫిక్స్ చేశారు, దాన్ని ఇలాహీ గజం అంటారు. 60 గజాల పొడవు, 60 గజాల వెడల్పు ఒక బిఘా. మన లెక్కలో 60 సెంట్ల దాకా.

అయితే వెదురు బద్ద నిజాయితీగా ఉన్నంత మాత్రాన దాన్ని పట్టుకున్న చెయ్యి నిజాయితీగా ఉండాలని లేదు. ఆ కాలంలోనే దర్బారులో ఉన్న బదాయూనీ అనే రచయిత, అక్బర్ అంటే పడని మనిషి, కరోరీల గురించి చాలా ఘాటుగా రాశాడు. వాళ్ల బాధ పడలేక రైతులు పెళ్లాం పిల్లల్ని అమ్ముకుని చెల్లాచెదురైపోయారని, తర్వాత టోడర్‌మల్ ఆ కరోరీలనే లెక్కలు అడిగి చిత్రహింసలు పెట్టించాడని. కోపంతో రాసింది కాబట్టి కొంత తగ్గించి చదవాలి. కానీ ప్రయోగం సాఫీగా సాగలేదన్నది మాత్రం నిజం.

అయినా ఆ కొలతల వల్ల ఒక పని జరిగింది. సర్కారు చేతిలో డేటా పడింది. ఇప్పుడొచ్చింది 1580. అందరూ పరీక్షలకి బట్టీ పట్టే ఐన్-ఇ-దహ్‌సాలా. దహ్ అంటే పది, సాల్ అంటే ఏడాది. గడచిన పదేళ్లలో ఏ ప్రాంతంలో ఏ పంట ఎంత పండింది, ఏ ధర పలికింది, మొత్తం తీసుకుని పదో వంతు కట్టారు. అదే ఇక ఏడాది రేటు. ఏటా ధరలు తెప్పించుకునే పని లేదు. ఒకే రకం నేల, ధర ఉన్న ప్రాంతాలని ఒక గుంపు చేసి, ఒక్కో గుంపుకి బిఘాకి ఇన్ని దాములు అని పట్టీ ఇచ్చేశారు. ఆ పట్టీ పేరు దస్తూర్.

నేలని కూడా నాలుగు రకాలు చేశారు. ఏటా సాగయ్యేది పోలజ్. కొన్నాళ్లు బీడు పెట్టేది పరౌతి. మూడు నాలుగేళ్లు బీడున్నది చాచర్. ఐదేళ్లు, అంతకు మించి బీడుగా ఉన్నది బంజర్. ఈ బంజరు అన్న మాట మనం ఇప్పటికీ వాడుతున్నాం, బంజారాహిల్స్‌ది కాదు లెండి, అది వేరే కథ. బీడు నేల సాగులోకి తెస్తే మొదట్లో శిస్తు తక్కువ, తర్వాత కొంచెం కొంచెం పెరుగుతుంది. ఎందుకీ ప్రేమ? ఎందుకంటే అప్పట్లో భూమికి కొరత లేదు, దున్నే చేతులకే కొరత. రైతుకి కోపం వస్తే ఎడ్లు తోలుకుని పక్క జమీందారు దగ్గరికి వెళ్లిపోతాడు. అందుకే విత్తనాలకి, ఎడ్లకి సర్కారే అప్పిచ్చేది. ఆ అప్పు పేరు తఖావీ. మీ తాతగార్ని అడగండి, "తకావీ అప్పు" అన్న మాట ఆయనకి తెలిసే ఉంటుంది.

ఇంకో విషయం. మనం దీన్ని టోడర్‌మల్ బందోబస్తు అంటాం. నిజానికి ఈ పని టోడర్‌మల్‌కి, ఖ్వాజా షా మన్సూర్ అనే ఆయనకి ఇద్దరికీ అప్పజెప్పారు. మధ్యలో టోడర్‌మల్‌ని తూర్పు ప్రాంతాలకి పంపించారు. పదేళ్ల లెక్కలు పూర్తి చేసింది షా మన్సూర్. మరి ఆయన పేరు ఎందుకు వినం? 1581లో ఆయన్ని ఉరి తీశారు. అక్బర్ తమ్ముడు మీర్జా హకీమ్‌తో చేతులు కలిపాడని అనుమానం, కొన్ని ఉత్తరాలు సాక్ష్యం. ఆ ఉత్తరాలు దొంగవని తర్వాత అనుకున్నారు. లెక్కల్లో కచ్చితంగా ఉండే మనిషికి దర్బారులో ఫ్రెండ్స్ ఎంతమంది ఉంటారో మీరే ఊహించుకోండి.

ఇంకా తమాషా ఏంటంటే, సరిగ్గా ఈ రెండు మూడేళ్లలోనే ఆసియాలో ఇంకో ఇద్దరు ఇదే పని చేస్తున్నారు. చైనాలో మింగ్ రాజ్యం పెద్దమంత్రి జాంగ్ జూజెంగ్ దేశమంతా భూములు కొలిపించి, 1581 కల్లా భూమి పన్ను, వెట్టి చాకిరీ అన్నీ కలిపి ఒకే వెండి చెల్లింపుగా మార్చే పద్ధతిని విస్తరించాడు. జపాన్‌లో హిదెయోషి 1582 నుంచి ఊరూరా సర్వే మొదలుపెట్టాడు. అక్కడ భూమి విలువని డబ్బులో కాదు, బియ్యంలో రాసేవాళ్లు. ఇంకో తెలివి చూడండి. అంతకుముందు వాళ్ల 'తన్' అనే కొలతలో 360 చదరాలు ఉండేవి. హిదెయోషి దాన్ని 300 చేశాడు. అంటే నిన్నటిదాకా 10 తన్‌లు ఉన్న పొలం తెల్లారేసరికి 12 తన్‌లు అయిపోయింది. పొలం అంగుళం కూడా జరగలేదు. మన దగ్గర తడి తాడుతో దొంగతనంగా చేసింది, అక్కడ రూల్ పెట్టి చేశారు.

సరే, ఇప్పుడు అసలు ప్రశ్నకి వద్దాం. పదేళ్ల సగటు పద్ధతి వల్ల ఎవరికి లాభం? సర్కారుకి ఎంత వస్తుందో ముందే తెలుస్తుంది. రైతుకి కూడా ఎంత కట్టాలో ముందే తెలుస్తుంది, అధికారి నోటికొచ్చింది అడగడానికి లేదు. రైతుకి పట్టా ఇవ్వాలి, రైతు దగ్గర కబూలియత్ తీసుకోవాలి అన్నది రూలు. ఇవన్నీ మంచివే. కానీ రిస్క్ ఎవరి మీదకి పోయింది? బటాయిలో పంట పోతే సర్కారు వాటా కూడా పోతుంది. ధర పడితే సర్కారుకీ దెబ్బే. జబ్త్‌లో ఆ రెండూ రైతు నెత్తి మీదకి వచ్చేశాయి. అంటే కోరు నుంచి మక్తాకి మారారు.

పంట పూర్తిగా పోయిన నేలని 'నాబూద్' అని రాసి లెక్కలోంచి తీసెయ్యాలని రూల్ ఉంది. ఉంది కానీ, ఎవడో ఒకడు చేను నిలబడి ఉండగా వచ్చి చూసి రాయాలి. రాసేవాడు రావాలి, సరైన పేరు మీద రాయాలి. ఈ పాయింట్ దగ్గర నాకు మా పొలం గుర్తొచ్చింది, ఎందుకో మీకు చెప్పక్కర్లేదు.

పంట పోతేనే కాదు, బాగా పండినా కష్టమే. 1585 తర్వాత కొన్నేళ్లు ఉత్తరాదిన పంటలు విరగపండాయి. ధరలు పడిపోయాయి. రేటేమో పాత పదేళ్ల సగటు మీద రొక్కంలో ఉంది. రైతు దగ్గర ధాన్యం ఉంది, డబ్బు లేదు. చివరికి అక్బరే ఢిల్లీ, అవధ్, అలహాబాద్ లాంటి చోట్ల శిస్తులో కొంత మాఫీ చేయాల్సి వచ్చింది. టమాటా రేటు పడిపోయి రోడ్డు మీద పారబోసిన వీడియోలు మనం చూస్తుంటాం కదా. కథ పాతదే.

ఇక వసూలు సంగతి. 1595 ప్రాంతంలో సామ్రాజ్యం మొత్తం శిస్తు అంచనా రమారమి 363 కోట్ల దాములు. అంటే 9 కోట్ల రూపాయల పైన. ఈ అంచనాకి 'జమా' అని పేరు. నిజంగా చేతికి వచ్చినదానికి 'హాసిల్' అని పేరు. ఈ రెండు మాటలూ గుర్తుపెట్టుకోండి. నేను పనిచేసిన ప్రాజెక్టులో డ్యాష్‌బోర్డ్ మీద అమ్మకాలు ఒక నంబర్ చూపించేవి, బ్యాంకులో పడేది ఇంకో నంబర్. మీటింగ్‌లో అందరూ డ్యాష్‌బోర్డ్ నంబర్ గురించే మాట్లాడేవాళ్లు. జమా అంటే డ్యాష్‌బోర్డ్, హాసిల్ అంటే బ్యాంకు.

మొఘల్ రాజ్యంలో పెద్ద అధికారులకి చాలామందికి జీతం డబ్బుగా ఇవ్వరు. "నీ జీతం ఇన్ని దాములు, అంత జమా ఉన్న ఈ ఊళ్ల శిస్తు నువ్వే వసూలు చేసుకో" అంటారు. అదే జాగీరు. కానీ కాగితం మీద ఉన్న జమా ఊళ్లో పుట్టదు. షాజహాన్ కాలానికి ఇది ఎంత ముదిరిందంటే, జాగీర్లకి నెలల లెక్క పెట్టారు. పన్నెండు నెలల జీతం రావాల్సిన చోట ఎనిమిది నెలలదే వస్తే అది ఎనిమిది నెలల జాగీరు, ఆరు నెలలదే వస్తే ఆరు నెలల జాగీరు. సర్కారే ఒప్పేసుకుంది, మా లెక్క తప్పు అని. కానీ లెక్క మాత్రం సరిచేయలేదు!

పైగా జాగీర్దారుని మూడు నాలుగేళ్లకి ఒకసారి బదిలీ చేసేవాళ్లు, ఒకేచోట పాతుకుపోకుండా. రాజుకి ఇది మంచిదే. మరి ఊరికి? 1660ల్లో ఇక్కడ ఉన్న ఫ్రెంచ్ డాక్టర్ బెర్నియర్ దీని గురించి రాశాడు. రేపో మాపో వెళ్లిపోయే నాకు, ఈ కాలువ పూడిక తీయిస్తే ఏంటి, ఈ నేల బీడైపోతే ఏంటి, ఉన్నన్నాళ్లు పిండుకుందాం అని వాళ్లు అనుకుంటారని ఆయన పాయింట్. అక్బర్ కాలంలో మూడో వంతు అన్న వాటా తర్వాతి కాలంలో చాలాచోట్ల సగం దాకా వెళ్లింది.

మరి మన వైపు? గోల్కొండ రాజ్యంలో కొలతలు, సగటులు ఈ గొడవే లేదు. వేలం పాటే. ఈ ప్రాంతం శిస్తు వసూలు హక్కు ఎవరు ఎక్కువకి పాడితే వాళ్లది. దాన్ని ఇజారా అంటారు. 1618 నుంచి 1622 దాకా మచిలీపట్నంలో ఉన్న ఇంగ్లిష్ వర్తకుడు విలియం మెత్వోల్డ్ ఇదంతా కళ్లారా చూసి రాశాడు. పాడినవాడు రాజుకి కట్టాల్సింది కట్టాలి, తను మిగుల్చుకోవాలి, అదంతా రైతు నుంచే లాగాలి. కట్టలేకపోతే? మొత్తం కట్టలేకపోయిన ఒక మచిలీపట్నం గవర్నర్‌ని వీపు మీద, పాదాల మీద, పొట్ట మీద బెత్తాలతో కొట్టి చంపేశారని ఆయన రాశాడు. గవర్నర్‌నే అలా కొడితే, ఆ గవర్నర్ కింద ఉన్నవాడు ఎవర్ని కొడతాడు? వాడి కింద ఉన్నవాడు? దెబ్బ అలా కిందకి దిగుతూ దిగుతూ వెళ్లి ఎక్కడ ఆగుతుందో మనకి తెలుసు.

ఈ లెక్కలో ఇప్పుడు రామదాసు కథ ఒకసారి గుర్తుతెచ్చుకోండి. మనమందరం సినిమా చూసినవాళ్లమే. పాల్వంచ పరగణాకి తహసీల్దారు కంచర్ల గోపన్న. కథ ప్రకారం, శిస్తు డబ్బుతో భద్రాచలం గుడి కట్టించాడు, తానీషా జైల్లో పెట్టించాడు. చిన్నప్పుడు నాకు తానీషా విలన్‌లా కనిపించేవాడు. ఇవన్నీ చదివాక కనిపించింది వేరే. గోల్కొండలో వసూలు చేసేవాడి తల ఎప్పుడూ కత్తి కిందే ఉండేది. ఆ జైలు కథ జనానికి అంతగా నమ్మబుద్ధి కావడానికి కారణం, డబ్బు కట్టలేని అధికారికి ఏం జరుగుతుందో వాళ్లు చూస్తూనే ఉండటం కావచ్చు.

దక్కన్‌లో కొలత పద్ధతి తెచ్చింది ముర్షిద్ కులీ ఖాన్. 1650ల్లో ఔరంగజేబు దక్కన్ సుబేదారుగా ఉన్నప్పుడు. ఈయన తెలివైన పని చేశాడు. ఉత్తరాది మోడల్‌ని కాపీ పేస్ట్ చేయలేదు. కొలతతో పాటు బటాయి కూడా ఉంచాడు, అందులోనూ తేడా పెట్టాడు. వాన మీద పండితే సగం, బావి నీళ్లతో పండితే మూడో వంతు. ఎందుకంటే బావి తవ్వింది, మోట తోలింది రైతు. ఆ ఖర్చు రైతుదని లెక్కలోకి తీసుకున్నాడు. 1687లో గోల్కొండ మొఘలుల చేతికొచ్చింది.

ఆ మాటలు మాత్రం మన దగ్గరే ఉండిపోయాయి. తహసీల్దార్, జమాబందీ, కిస్తీ, పట్టా, ఖరీఫ్, రబీ. పాత పహాణీ ఎప్పుడైనా చూస్తే పైన 'ఫసలీ' అని ఒక సంవత్సరం ఉంటుంది. పంట కాలాన్ని బట్టి శిస్తు వసూలు చేయడానికి అక్బర్ కాలంలో మొదలైన లెక్క అది. మన రెవెన్యూ ఆఫీసుల్లో 2024 జులై 1న మొదలైన ఏడాది ఫసలీ 1434. ఫోన్‌లో రికార్డులు వచ్చాయి, డ్రోన్‌తో సర్వేలు వచ్చాయి, ఫసలీ మాత్రం పోలేదు.

ఇప్పుడు నేను ఈ వీడియో ఎందుకు చేశానో చెప్తాను. ఇదంతా చదువుతున్నప్పుడు నాకు మొదట వచ్చిన ఆలోచన ఇంజినీర్ ఆలోచన. కొలత సరిగ్గా ఉంటే సమస్య తీరిపోతుంది కదా అని. తాడు బదులు వెదురు, వెదురు బదులు డ్రోన్. కానీ అక్బర్ కథ అలా చెప్పట్లేదు. కొలత మెరుగైంది, మంచిదే, లేని నేలకి శిస్తు కట్టే బాధ తగ్గింది. కానీ అంచనాకీ నిజానికీ మధ్య తేడా ఎప్పుడూ ఉంటుంది. ఆ తేడా ఎవరు భరించాలి అన్నది కొలత చెప్పదు. అది ఎవరో కూర్చుని తీసుకునే నిర్ణయం. మా విషయంలో నేల కొలత కరెక్టే, పంట నష్టం శాతం కూడా కరెక్టే రాశారు. పేరు కాలమ్‌లో మాత్రం దున్నినవాడు లేడు.

కౌలు రైతులకి ఆంధ్రప్రదేశ్‌లో 2019లో పంట సాగుదారు హక్కుల చట్టం వచ్చింది. 11 నెలలకి ఒక పత్రం ఇస్తారు. కానీ ఆ చట్టంలో దానికి భూమి గలాయన సంతకం కావాలి. నాన్న బాబాయిని అడగడానికి రెండేళ్లు మొహమాటపడ్డాడు. "సంతకం అడిగితే పొలం మీద కన్నేశాననుకుంటాడేమోరా" అని. చివరికి నేను వెళ్లి అడిగాను. ఆయన వెంటనే పెట్టలేదు. "చూద్దాంలే" అన్నాడు. నాలుగు సార్లు తిరిగాక పెట్టాడు.

పోయిన వారం నాన్నకి ఫోన్ చేసి ఈ అక్బర్ సంగతంతా చెప్పాను. జబ్త్, బటాయి, పదేళ్ల సగటు, వెదురు బద్దలు. ఓపిగ్గా విన్నాడు. నువ్వయితే ఏది ఎంచుకుంటావు నాన్నా అని అడిగితే, కోరే అంటాడనుకున్నా. అనలేదు. "మంచి ఏడు మక్తా, చెడ్డ ఏడు కోరు" అని నవ్వాడు. కాసేపాగి, "అదేం గానీ, మీ అక్బర్ మనుషులు కొలవడానికొచ్చినప్పుడు రైతు గట్టు మీదే ఉండేవాడా?" అన్నాడు.

సో ఫ్రెండ్స్, మీ ఇంట్లో ఎవరైనా కౌలుకి చేస్తుంటే, ఈ సీజన్‌లో పంట నమోదు ఎవరి పేరు మీద ఉందో ఒకసారి అడిగి చూడండి. రాసేవాళ్లు వచ్చే రోజు పొలం దగ్గర మీవాళ్లు ఒకరు ఉండేలా చూసుకోండి. ఈ కోరు, మక్తా పద్ధతిని మీ వైపు ఏమంటారో, ఎకరానికి ఎంత నడుస్తోందో కామెంట్‌లో రాయండి. రాయలసీమ, తెలంగాణ వాళ్లవి ముఖ్యంగా తెలుసుకోవాలనుంది. వచ్చే వీడియోలో ఇదే కథలో తర్వాతి భాగం చెప్తాను. 1800లో థామస్ మన్రో మన దత్త మండలాలకి వచ్చి, జమీందారుని పక్కన పెట్టి నేరుగా రైతుతోనే శిస్తు ఎలా కుదుర్చుకున్నాడు అన్నది. అప్పటిదాకా ఉంటాను. నమస్తే.